ఒక మైదానం, రెండు గట్లు

ఫుట్‌బాల్ తెలియని మనిషి కావాలి

నాకు ఉద్యోగం ఇచ్చింది నా చదువు చూసి కాదు, నా అజ్ఞానం చూసి. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు. పోయిన సీజన్‌తో రిటైరయ్యాను. నా కుర్చీలో ఇప్పుడు ఇంకొకావిడ కూర్చుంటోంది. ఆవిడకీ, ఆవిడలాగా ఏదో ఒక ఆటల క్లబ్బు ఆఫీసులో చేరబోయే వాళ్లకీ పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఫారాలు ఎలా నింపాలో, రిజిస్ట్రేషన్లు ఎప్పుడు తెరవాలో ఇందులో ఉండవు. అవి కంప్యూటరే చెప్తుంది. మనుషుల సంగతి మాత్రం అది చెప్పదు.

నాది తెనాలి. బీకాం చదివి, గుంటూరులో ఒక స్కూలు ఆఫీసులో పనిచేసి, పెళ్లయ్యాక ఆక్లాండ్ వచ్చాను. మా ఆయనకి మనురేవా దగ్గర ఒక గోడౌన్‌లో ఉద్యోగం. ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక, సూపర్‌మార్కెట్ నోటీసు బోర్డు మీద కనబడిన ప్రకటన చూసి అప్లై చేశాను. ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆఫీసు మేనేజర్ కావాలట. ఇంటర్వ్యూలో బల్లకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, మధ్యలో ప్రెసిడెంటు కెవిన్ కూర్చున్నారు. అటు వాళ్లు ఇటు వాళ్ల మొహం చూడటం లేదు.

"ఇంతవరకూ ఎవరి మ్యాచ్‌లు చూశావు?" అన్నాడు అటువైపాయన.

"ఎవరివీ చూడలేదండీ. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు" అన్నాను. ఇక ఈ ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

రెండు పక్కలా మొహాలు వెలిగిపోయాయి. సోమవారం నుంచి రమ్మన్నారు. ఎందుకో తర్వాత కెవిన్ చెప్పాడు. అప్పటికి రెండు నెలల కిందటే రెండు క్లబ్బులు కలిసి ఒకటయ్యాయి. అటువైపు మనిషిని పెడితే ఇటువాళ్లు ఒప్పుకోరు, ఇటువైపు మనిషిని పెడితే అటువాళ్లు ఒప్పుకోరు. ఎవరి మనిషీ కాని మనిషి కావలసి వచ్చింది.

కలిసిన కథ

ఆ క్లబ్బుల అసలు పేర్లు రాయను. ఎగువ క్లబ్బు, దిగువ క్లబ్బు అంటాను. రెండింటి మధ్యా ఒక చిన్న వాగు, ఒక వంతెన, కొన్ని తరాల కోపం. అసలే ఇది రగ్బీ దేశం. ఇక్కడ ఫుట్‌బాల్‌ది రెండో బంతి. ఉన్నదే గుప్పెడు మంది, అందులోనూ రెండు ముఠాలు.

ఎగువ వాళ్లకి మంచి మైదానం ఉంది, రేకుల కప్పుతో వసారా ఉంది, క్లబ్బు హౌస్ ఉంది. ఆడేవాళ్లే తగ్గిపోతున్నారు. దిగువ వాళ్లకి ఆడేవాళ్లు పుష్కలం. వాళ్ల మైదానం మాత్రం వానొస్తే చెరువయ్యేది. చివరికి కౌన్సిల్ వాళ్లు దాన్ని మురుగునీటి కాలవ పనులకి తీసేసుకున్నారు. అంటే ఒకరికి ఇల్లుంది, పిల్లల్లేరు. ఇంకొకరికి పిల్లలున్నారు, ఇల్లు లేదు. సంబంధం కుదరక ఏం చేస్తుంది? కుదిరింది. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి కొత్త క్లబ్బుకి పేరు పెట్టారు. అది ఎంత పొడుగైందంటే, జెర్సీ మీద రాయిస్తే రెండు చంకల కిందకీ వెళ్లిపోయింది.

ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఐదు సీజన్లు గడిచాక ఎవరైనా విడిపోతామని ఉత్తరం రాస్తే ఓటు పెట్టాలి. ఆ పక్షం వాళ్లలో సగం మంది కంటే ఎక్కువ చెయ్యెత్తితే క్లబ్బు రెండుముక్కలు. ఈ షరతుని ఎవరూ వాడరులే అన్నాడు కెవిన్. కెవిన్ చాలా మంచి బాసు. పాతికమంది అరుస్తున్నా టీ పెట్టుకుని తాగి, అప్పుడు మాట్లాడేవాడు. కానీ ఆయనకి ఒక దురలవాటు ఉంది. జరగకూడదు అనుకున్నది జరగదనే అనుకునేవాడు.

కప్పుల బీరువా

నా మొదటి తప్పు చేరిన నెలలోనే చేశాను. క్లబ్బు హౌస్‌లో గాజు బీరువా ఒకటుంది. పై అరల్లో ఎగువ వాళ్లు గెలిచిన కప్పులు, కింది అరల్లో దిగువ వాళ్లవి. దుమ్ము ఒక జానెడు. నాకు దుమ్ము చూస్తే చేతులు ఊరుకోవు. ఒక పూటంతా కూర్చుని అన్నీ చింతపండు పెట్టి తోమాను. తళతళలాడిపోయాయి. తర్వాత ఇంట్లో స్టీలు డబ్బాలు సర్దినట్టు పెద్దవి వెనక, చిన్నవి ముందు పెట్టి సర్దేశాను.

శనివారం రెండు పక్షాల పెద్దలూ వచ్చి చూశారు. ఎగువ కప్పు పక్కన దిగువ కప్పు! ఇరవైమంది ఒకేసారి నా ఆఫీసులోకి వచ్చి నిలబడ్డారు. క్లబ్బులు కలిశాక రెండు పక్షాలూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు. నన్ను తిట్టడానికైనా కలిశారు కదా అని మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాను. కొత్తగా చేరేవాళ్లకి నేను చెప్పేదొక్కటే. మొదటి ఏడాది దేన్నీ సర్దకండి.

అటు గట్టు, ఇటు గట్టు

మైదానానికి ఒక పక్క వసారా, టీ కౌంటరు, సాసేజీలు కాల్చే పొయ్యి. అది సొంత క్లబ్బు వాళ్లు నిలబడే గట్టు. అవతలి పక్క ఉత్త గడ్డి, ఒక కంచె, కంచెవతల కార్లు. అది బయటి జట్టుతో వచ్చినవాళ్లు నిలబడే గట్టు.

దిగువ పెద్దలు క్లబ్బులు కలిసిన తర్వాత కూడా అవతలి గట్టు మీదే నిలబడేవాళ్లు. వానొచ్చినా అక్కడే. వాళ్లు ఈ మైదానానికి జీవితమంతా ప్రత్యర్థులుగా వచ్చారు. అలవాటు పడిన కాళ్లు అక్కడికే పోయేవి. ఇవతలికి రండి, పైన రేకుల కప్పుంది అని మైకులో ఎన్నిసార్లు పిలిచానో. చెయ్యూపేవాళ్లు, కదిలేవాళ్లు కాదు.

వాళ్లందరికీ పెద్ద నోయెల్. ఎనభైకి దగ్గర్లో ఉన్న మనిషి, ఎండుకట్టెలా ఉండేవాడు. ఒక్క మాటకి బదులు సగం మాట మాట్లాడేవాడు. మా నాన్న వయసాయన్ని పేరుపెట్టి పిలవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇవతలి గట్టుకి పెద్ద టావిటా. సమోవా దీవుల ఆయన, భారీ మనిషి, నవ్వితే వసారా రేకులు అదిరేవి. మైదానంలో గీతలు గీయడం, నెట్లు కట్టడం అన్నీ ఆయనే చూసుకునేవాడు. నోయెల్, టావిటా ఒకరినొకరు "హలో" అనుకునేవాళ్లు. అంతే.

ఈ రెండు గట్లకీ పట్టకుండా ఆడుకునేది ఒక్క ఆడవాళ్ల జట్టు. ఎగువ నుంచి ఆరుగురు, దిగువ నుంచి ఎనిమిది మంది. కలవకముందు రెండు క్లబ్బుల్లోనూ ఆడవాళ్లకి జట్టే లేదు. గోల్‌కీపర్ మన కరీంనగర్ అమ్మాయి అనూష, మనురేవాలో ఫార్మసిస్టు. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే సెటిలైంది. వారమంతా మందులు అమ్మి, ఆదివారం బురదలో పొర్లేది. "ఆంటీ, గీ ఒక్క రోజు లేకుంటె నేను పిచ్చిదాన్నైతుంటి" అనేది.

శాలువాల సంగతి

ఇక నా పెద్ద తప్పు. ఆరో సీజను మొదలవుతోంది. పెద్దల్ని కలపాలని నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. మన వైపు పెద్దవాళ్లని ఎలా గౌరవిస్తాం? వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. తెనాలి నుంచి మా చెల్లెలి చేత జరీ అంచు శాలువాలు రెండు తెప్పించాను. గంధపు దండలు కూడా. మంచి పని ఎప్పుడూ ఎవరినీ అడగకుండానే చేయాలనుకునే రకం నేను.

సీజను మొదటి శనివారం, అందరి ముందూ మైకు పట్టుకుని, వయసులో పెద్ద కాబట్టి ముందు నోయెల్‌ని పిలిచాను. "నలభై ఏళ్ల మీ సేవకి క్లబ్బు తరఫున కృతజ్ఞతలు" అని భుజాల మీద శాలువా కప్పాను. చప్పట్లు కొట్టాను. నాతోపాటు అనూష కొట్టింది. మిగతావాళ్లు బూట్లు చూసుకుంటున్నారు.

నోయెల్ మొహం ఎర్రబడింది. "అయితే, ఇక అయిపోయిందన్నమాట" అన్నాడు మెల్లిగా. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, నా చేతిలో పెట్టి, మైదానం దాటి వెళ్లిపోయాడు.

తర్వాత టావిటాకి శాలువా కప్పి, దండ కూడా వేశాను. ఆయన మురిసిపోయాడు. వాళ్లలోనూ పెద్దలకి దండలు వేసే పద్ధతి ఉందట. ఆ రోజంతా శాలువా కప్పుకునే సాసేజీలు కాల్చాడు. జరీ అంచుకి నూనె మరకలు పడ్డాయి. నేను ఆయన్ని చూసి సంబరపడి, నోయెల్ సంగతి ఆయన మొహమాటం అనుకున్నాను. చూడండి నా తెలివి.

కెవిన్ టీ కప్పు దించి చెప్పాడు, "ఇక్కడ అందరి ముందూ నిలబెట్టి 'నీ సేవకి కృతజ్ఞతలు' అంటే, ఇక ఇంటికెళ్లు అని అర్థం."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"శాలువా తెస్తావని నాకేం తెలుసు?"

ఆ పై శనివారం నుంచి నోయెల్ అవతలి గట్టు మీద కూడా నిలబడలేదు. కంచెవతల కారులోనే కూర్చునేవాడు. ఇక్కడ చలికి చాలామంది కారులోంచే ఆట చూస్తారు, గోల్ పడితే హారన్ కొడతారు. నోయెల్ హారన్ కూడా కొట్టడం మానేశాడు.

ఫీజోవాలు

తప్పు నాది కాబట్టి దిద్దుకోవడానికి ఆయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో చెట్టు నిండా ఫీజోవాలు. ఇక్కడ శరదృతువులో కాసే పళ్లు, పచ్చగా చిన్న జామకాయల్లా ఉంటాయి. "నోయెల్, నన్ను క్షమించాలి. మా ఊళ్లో అది పెద్ద గౌరవం. మిమ్మల్ని పొమ్మనాలని కాదు" అన్నాను.

"నో వర్రీస్" అన్నాడు. ఒక సంచీ నిండా ఫీజోవాలు ఇచ్చాడు.

ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. రాజీ అయిపోయిందని మా ఆయనకి చెప్పి, ఆ పళ్లతో పచ్చడి కూడా పట్టాను. సోమవారం ఆఫీసు తలుపు కింద నోయెల్ ఉత్తరం ఉంది. ఒప్పందంలోని షరతు ప్రకారం దిగువ క్లబ్బు విడిపోతుందని, ఓటు పెట్టమని. కింద ఆయన సంతకం ఒక్కటే. ఆయన చెయ్యెత్తితే మిగతావాళ్లంతా ఎత్తుతారని అందరికీ తెలుసు.

ఫీజోవాలు ఇక్కడ పగవాడికి కూడా ఇస్తారు, చెట్టుకింద కుళ్లిపోతాయని. "నో వర్రీస్" అంటే క్షమించేసినట్టు కాదని నాకప్పుడు తెలిసింది. ఆ మాట వినగానే సంచీ పుచ్చుకుని రాకూడదు. అక్కడే కూర్చుని ఇంకో గంట మాట్లాడాలి.

విడిపోతే దిగువ వాళ్లు ఎక్కడ ఆడతారు? మైదానం లేదు. ఎగువ వాళ్లు ఎవరితో ఆడతారు? మనుషుల్లేరు. అందరికంటే ముందు పోయేది ఆడవాళ్ల జట్టు. ఆరుగురితో జట్టవదు, మైదానం లేని ఎనిమిదిమందితోనూ అవదు. అనూషకి చెప్పాను.

"అంటే గీ ఆదివారం ఆఖరి మ్యాచా, ఆంటీ?" అంది. నా శాలువా వల్ల కదా ఇదంతా అని నాకు తిండి సయించలేదు.

వంకర గీత

ఆదివారం ఒంటిగంటకి ఆట. ఆ పై ఆదివారం ఓటు. ఆ వారమే టావిటాకి మోకాలి ఆపరేషన్ అయింది. చంకకర్రలతో వచ్చి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాత్రి వానకి మైదానంలో గీతలు చెరిగిపోయాయి. రిఫరీ చూసి, గీతలు లేకపోతే ఆట మొదలుపెట్టనని చెప్పేసింది. ఇంకా గంట టైముంది.

గీతలు గీసేది చక్రాల మీద నడిచే పెయింటు బండి. తోసుకుంటూ పోతే తెల్లగా గీత పడుతుంది. టావిటా కుర్చీలోంచి లేవబోతే నేను గదమాయించి కూర్చోబెట్టాను. "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముగ్గులు వేశాను. ఒక గీత గీయలేనా?" అని బండి పట్టుకున్నాను.

ముగ్గు వేసేది వంగుని, కళ్ల ముందు, జానెడు జానెడు చొప్పున. ఇది నూరు గజాల గీత. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాను.

"ఆంటీ, గదేం గీత? పాము పోయినట్టుంది!" అని గోల్ దగ్గర్నుంచి అరిచింది అనూష.

"నోరు మూసుకుని గ్లవ్స్ వేసుకో!" అని నేనూ అరిచాను.

దిద్దుదామని బండిని పక్కకి తిప్పాను. పాముకి పడగ కూడా వచ్చింది. అప్పుడు కంచెవతల నుంచి హారన్ మోగింది. ఆగకుండా మోగింది. నోయెల్ కారు దిగాడు. కంచె సందులోంచి దూరి, చేతులూపుతూ వస్తున్నాడు. ఆయన అంత వేగంగా నడవగలడని నాకు తెలీదు.

"ఆపు! ఆ బండి ముట్టుకోకు! దేవుడా, తాడేది? తాడు లేకుండా గీత ఎవరు గీస్తారు?"

"నాకు తెలీదు నోయెల్. మీకొచ్చా?" అన్నాను.

ఆయన నావైపు ఎలా చూశాడంటే, చేపని పట్టుకుని ఈత వచ్చా అని అడిగినట్టు. "మా మైదానం గీతలన్నీ నలభై ఏళ్లు నేనే గీశాను. ఇక్కడికొచ్చాక ఒక్కరంటే ఒక్కరు అడిగారా?"

ఆరు సీజన్లు! కప్పు కిందికి రమ్మని పిలిచాను, టీ తాగమని పిలిచాను, శాలువా కప్పాను. నువ్వేం పని చేసేవాడివి అని ఆ మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. మా ఊళ్లో పెద్దాయనకి పని చెప్తే అవమానం. ఇక్కడ పని చెప్పకపోవడం అవమానం. నాకీ సంగతి ఇన్నేళ్లకి తెలిసింది.

"తాడు ఎక్కడుందో టావిటాకి తెలుసు" అన్నాను.

నోయెల్ వసారా వైపు చూశాడు. తర్వాత మైదానం దాటి ఇవతలి గట్టుకి వెళ్లాడు. టావిటా షెడ్డు తాళంచెవి తీసి ఇచ్చాడు. తాడు తెచ్చారు. దానికి రెండో కొస ఎవరో గట్టిగా పట్టుకోవాలి. టావిటా కుర్చీతో సహా మూలకి జరిగి, కొసని తన చేతికి చుట్టుకున్నాడు. అంత బరువు మనిషి పట్టుకుంటే ఇక ఆ తాడు కదులుతుందా? నోయెల్ అవతలి మూలకి వెళ్లి బిగలాగాడు.

"నీ వైపు కొంచెం ఎడమకి!" అని అరిచాడు.

"నాది సరిగ్గానే ఉంది. నువ్వే కుడికి రా!" అని అరిచాడు టావిటా.

అలా గీత గీతకీ దెబ్బలాడుకుంటూ మైదానమంతా గీశారు. ఆరేళ్లలో "హలో" కాకుండా వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలవి, అన్నీ తిట్లే. నా పాముని మాత్రం చెరపడానికి టైము చాలలేదు. దాని పక్కనే తిన్నటి గీత గీసి, రిఫరీకి ఏది అసలుదో చూపించారు. ఆట పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. అనూష ఒక పెనాల్టీ ఆపింది. నోయెల్ అప్పుడు కూడా గీతలే చూస్తున్నాడు.

ఓటు

ఆ వారమంతా నేను నోయెల్‌ని ఉత్తరం సంగతి అడగలేదు. అడగాలని నాలుక దురద పెట్టింది. కెవిన్ వద్దన్నాడు, ఆ ఒక్కసారి ఆయన మాట విన్నాను. గీతలు మీరే చూసుకుంటారా అని మాత్రం అడిగాను. "చూద్దాం" అన్నాడు. బుధవారం షెడ్డు తెరిచుంది. లోపల పెయింటు బండి చక్రం విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించి ఉంది.

ఆదివారం పొద్దున క్లబ్బు హౌస్ నిండిపోయింది. గదిలో కూడా అటు సగం, ఇటు సగం. అనూష డ్యూటీ మార్పించుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది, గోళ్లు కొరుక్కుంటూ. మినిట్స్ రాయాల్సింది నేను.

కెవిన్ ఉత్తరం చదివాడు. ప్రతిపాదించిన సభ్యుడు లేచి మాట్లాడాలన్నాడు.

నోయెల్ లేచాడు. అటువైపు వాళ్లంతా ఆయన చేతివైపు చూస్తున్నారు. చేతి వేళ్లకి తెల్ల పెయింటు ఉంది.

"ఈ ఉత్తరం రాసినప్పుడు నాకు శని, ఆదివారాలు ఖాళీ" అన్నాడు. అంతకంటే పొడుగు మాట ఆయనకి కష్టం. "ఇప్పుడు ఖాళీ లేదు. వెనక్కి తీసుకుంటున్నాను. ఇక త్వరగా కానివ్వండి, ఒంటిగంటకి ఆట ఉంది, ఇంకా పెనాల్టీ గీతలు వేయలేదు."

టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. టావిటా చంకకర్రలు అందుకుని, "తాడు పట్టుకోకుండా ఎక్కడికి పోతున్నావు?" అని ఆయన వెనకే కుంటుకుంటూ వెళ్లాడు. అనూష "అబ్బా!" అని ఒక్క కేక పెట్టి, నన్ను వచ్చి పట్టుకుంది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గుపడలేదు, హాయిగా ఏడ్చాను.

కెవిన్ టీ పెట్టడానికి లేస్తూ, "మినిట్స్‌లో ఏదో ఒకటి రాయాలి కదా" అన్నాడు. కళ్లు తుడుచుకుని కలం తీశాను. విడిపోయే ప్రతిపాదన ఉపసంహరించబడినది అని రాశాను. పక్కన కారణం రాసే గడి ఒకటుంది. అందులో, సభ్యునికి పని ఉన్నది అని రాసి సంతకానికి ఇచ్చాను.